పట్టికలలోని యంకెల క్రమభంగము – తత్పరిహారము

శాసనముల పట్టిక, తాళపత్రముల పట్టిక, పద్యముల సూచి, పదముల సూచి – ఇట్టివి లేక పరిశోధనము ముందునకు సాగదని పండితుల కెఱుకయే. పూర్వము వీనిని జీటీలమీఁద వ్రాసి, వరుస కూర్చి, అంకెలు వేసి, శుద్ధప్రతి నెత్తి ముద్రణాలయమునకుఁ బంపెడివారు. నేఁ డా పని యంతయుఁ గంప్యూటరులోని వర్డ్ ప్రాసెసరునందే జరుగుచున్నది. దానివలనఁ గలిగిన సౌకర్యము గొప్పది. కాని పట్టికలు కూర్చువారినుండి యొక మొఱ తఱచుగా వినఁబడుచున్నది: అంకెలు తమంతఁ దామే మాఱిపోవుచున్నవి, 17 తరువాత మరల 1 వచ్చుచున్నది, ఒక్క పద్యమునకు నాలుగంకెలు పడుచున్నవి, అంచులు కుదురుట లేదు. దీనిని యంత్రచాపల్యమనియో, టైపు చేయువాని యజాగ్రత్త యనియో త్రోసిపుచ్చుట పరిపాటి. ఆ మాట సరికాదు. ఈ క్రమభంగమునకు హేతువు గలదు. హేతువు తెలిసినచోఁ బరిహారము సులభము. ఆ రెండింటిని వివరించుటయే యీ వ్యాసోద్దేశము. ఇందలి మీటలును మెనూల పేర్లును మైక్రోసాఫ్ట్ వర్డు ననుసరించి చెప్పఁబడినవి. లిబ్రెఆఫీసు రైటరునందుఁ బేర్లు కొంత మాఱినను మూలతత్త్వ మొక్కటియే.

ఉత్తర తెలంగాణమునుండి యొక యుదాహరణము

తెలంగాణ రాష్ట్రమున 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జిల్లాల పునర్వ్యవస్థ జరిగి 10 జిల్లాలు 31 అయ్యెను. 2019 ఫిబ్రవరిలో మఱి రెండు చేరి 33 అయ్యెను. పాత కరీంనగరు జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేఱుపడెను. మఱికొంత భాగము జయశంకర్ భూపాలపల్లి, సిద్దిపేట మొదలగు జిల్లాలలోఁ గలిసెను. పాత ఆదిలాబాదు జిల్లానుండి నిర్మల్, మంచిర్యాల, కుమురంభీం ఆసిఫాబాదు జిల్లాలు వేఱుపడెను.

చరిత్రపరిశోధకునకు దీనివలనఁ గలిగిన పని యెట్టిదో చూడుఁడు. "కరీంనగరు జిల్లా" యను నొక్క శీర్షిక క్రింద వరుసగా నుండిన స్థలములు నేఁడు వేర్వేఱు శీర్షికల క్రిందికిఁ బోవలసియున్నవి. వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. ధర్మపురియుఁ గోటిలింగాలయు జగిత్యాల జిల్లాలోనివి. మంథనియు ధూళికట్టయుఁ బెద్దపల్లి జిల్లాలోనివి. కాళేశ్వరము జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. పదవ శతాబ్దమునాఁటి జినవల్లభుని శాసనము గల కురిక్యాల బొమ్మలగుట్టయు, నగునూరును, ఎలగందులయుఁ గరీంనగరు జిల్లాలోనే నిలిచినవి. అటు గోదావరి కుత్తరమున జైనథ్ ఆదిలాబాదు జిల్లాలోనే యుండఁగా, బాసర నిర్మల్ జిల్లాకును, చెన్నూరు మంచిర్యాల జిల్లాకును జేరినవి. శీర్షిక మాఱుట యిదియే మొదటిసారి గాదు. కరీంనగరు జిల్లాకు 1905వ సంవత్సరము వఱకు ఎలగందుల జిల్లా యని పేరు. ఱాళ్లు కదలలేదు, జాబితాలోని వాని స్థానములు మాత్రము కదలినవి.

ఇప్పుడొక సంగ్రాహకుఁడు పాత పట్టికను గ్రొత్త జిల్లాల ననుసరించి మార్ప సంకల్పించె ననుకొందము. ఆతని కిరువైపుల నపాయము గలదు. పట్టికలోని యంకెలను జేతితో టైపు చేసియుండినచో, ఒక్క స్థలమును కదపఁగానే దాని క్రిందివాని యంకె లన్నియు దిద్దవలసివచ్చును. నూఱు స్థలములను గదపిన నూఱుమాఱులు దిద్దవలయును. ఎక్కడనో యొకటి తప్పక తప్పును. అట్లుగాక యంకెల నన్నిటిని యంత్రమునకే యప్పగించినచో వరుస తనంతఁ దానే సరియగును గాని, మాఱఁగూడని యంకెలును మాఱిపోవును. ఆ మాఱఁగూడని యంకె లెవ్వి?

అంకె రెండు తెఱఁగులు

పట్టికలో వచ్చు నంకె లన్నియు నొక్కజాతివి గావు. కొన్ని కేవలము వరుసను దెలుపును. ఈ జాబితాలో నిది మొదటిది, ఇది రెండవది యనుటయే వాని ప్రయోజనము. క్రొత్తది నడుమఁ జేరినచో నవి మాఱవలసినదే. వీనిని గ్రమాంకము లందము. మఱికొన్ని వరుసవలెఁ గనఁబడుచున్నను నిజమునకుఁ బేర్లు. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు సంపాదింపఁగా 1974లో వెలువడిన కరీంనగరు జిల్లా శాసనసంపుటమునందుఁ బ్రతి శాసనమునకును సంఖ్య గలదు. ఆ సంఖ్య యీనాఁడు మన జాబితాలో నా శాసన మెచ్చటికిఁ బోయినను మాఱదు. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి ప్రకటించిన తెలంగాణా శాసనముల మొదటి సంపుటములోని సంఖ్యలును, గ్రంథాలయములలోని తాళపత్రముల సంఖ్యలును నిట్టివే. వీనిని నామాంకము లందము.

వైయాకరణులకీ భేదము క్రొత్త గాదు. అష్టాధ్యాయిలో 1.1.1 అనఁగా వృద్ధిసంజ్ఞను విధించు సూత్రము, 8.4.68 అనఁగాఁ గడపటి సూత్రము. ఈ సంఖ్యలు మొదట వరుసనుండి పుట్టినవే యైనను, ఉదాహరణగ్రంథములలో వాడునప్పు డవి పేర్లే. ఒకఁడు పదిసూత్రములనే యెన్నుకొని పాఠశాలకొక చిన్నపుస్తకము వ్రాసినచో, ఆతఁడు వానికిఁ దన వరుసలో 1 మొదలు 10 వఱకుఁ గ్రమాంకములు వేయవచ్చును. ప్రక్కనుండు సూత్రసంఖ్యలు మాత్రము మూలములో నున్నట్లే యుండవలయును.

కావున మొదటి నియమ మిది: క్రమాంకమును యంత్రమునకు విడువవలయును, నామాంకమును జేతితో నక్షరములవలె టైపు చేయవలయును. పట్టికలలో నాకుఁ గనఁబడిన తప్పులలోఁ బెక్కింటికి మూల మీ రెండింటిని దాఱుమాఱు చేయుటయే.

ఇందొక సూక్ష్మము గలదు. పేరాగ్రాఫు మొదట నంకెయుఁ జుక్కయు టైపు చేసి ఖాళీ విడిచినచో, వర్డు దానిని బట్టికారంభముగా భావించి, మనము టైపు చేసిన యంకెను దొలఁగించి తన యంకెను నిలుపుట తఱచు. చూచుట కేమియు మాఱినట్లుండదు. కాని యా నామాంకము క్రమాంకమై పోయినది. పైన మఱియొకటి చేరిన మఱుక్షణముననే యది మాఱును. అట్లు జరిగినదని తోఁచిన వెంటనే కంట్రోలు మీటతో జెడ్ మీటను నొక్కినచో యంత్రము చేసిన మార్పు మాత్రము పోయి మన యంకె మనకు మిగులును. అంతకంటె మేలైన యుపాయము నామాంకమును మొదటనే యుంచకుండుట. "క.శా. 12" అని సంకేతాక్షరములను ముందుంచినను, గళ్ల పట్టిక గీసి నామాంకముల కొక నిలువుగడి ప్రత్యేకించినను యంత్రము దాని జోలికి రాదు.

యంత్రము వేయు నంకె యెచ్చట నుండును?

క్రమాంకమును వేలితోఁ జూపినట్లు మౌసుతోఁ బట్టుకొనఁబోయినచో నది పట్టువడదు. వెనుకకుఁ జెఱపు మీటతో నొక్కొక్క యక్షరముగాఁ జెఱుపఁబోయినను జెఱగదు. ఏలయన నది పాఠములో లేదు. 2007 మొదలుకొని వర్డు వాడుచున్న డాక్స్ అను ఫైలు నిజమునకుఁ గొన్ని చిన్నఫైళ్ల మూట. పాఠ మొకదానిలో నుండును. పట్టికల విధులు వేఱొకదానిలో నుండును. పాఠములోని పేరాగ్రాఫు రెండు సంగతులనే తనతోఁ దెచ్చుకొనును: తా నే పట్టికకుఁ జెందినదో, అందే స్థాయిలో నున్నదో. స్థాయిలు తొమ్మిది వఱకుఁ గలవు. ఈ రెండు సంగతులనుబట్టి యంత్రము తెఱమీఁదఁ జూపునప్పు డెల్ల లెక్కించి యంకెను వేయును.

ఇది యధికారసూత్రమువంటిది. 1.4.23లోని కారకాధికారము 1.4.55 వఱకుఁ బ్రతిసూత్రమునందును వ్రాయఁబడకయే వర్తించును. అట్లే పట్టికలో నొకచోట ఎంటరు మీట నొక్కఁగానే పట్టికాధికారము తరువాతి పేరాగ్రాఫున కనువర్తించును. ఖాళీగానున్న యంకెవద్ద మఱియొకసారి యెంటరు నొక్కినచో నా యధికారము నివర్తించును. అధికార మెచ్చట మొదలై యెచ్చట ముగియునో యెఱుఁగక సూత్రార్థము చెప్ప నెట్లు సాధ్యము గాదో, పట్టిక యెచ్చట మొదలై యెచ్చట ముగియునో చూడక యంకెను దిద్దుటయు నట్లే సాధ్యము గాదు.

పేరాగ్రాఫు తెచ్చుకొను నా సంగతులు దాని చివరనుండు పేరాగ్రాఫు గుఱుతునం దిమిడియుండును. కంట్రోలు, షిఫ్టు, 8 మీటలను గలిపి నొక్కినచో నా గుఱుతులు తెఱమీఁదఁ గనఁబడును. పట్టికను దిద్దఁబూనువాఁడు మొట్టమొదట వీనిని గనఁబఱచుకొనవలయును.

దోషములు, పరిహారములు

మొదటిది వరుస తెగుట. 17 తరువాత 1 వచ్చినచో నచ్చట రెండవ పట్టిక మొదలైనదని యర్థము. అంకెపైఁ గుడిమీట నొక్కి "కంటిన్యూ నంబరింగ్" అనుదాని నెన్నుకొనినచో వరుస కలియును. దీనికి విపర్యయముగా, మరల 1 నుండి మొదలుకావలసినచోట 18 వచ్చినచో "రీస్టార్ట్ ఎట్ 1" అనుదాని నెన్నుకొనవలయును. చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ బది పరిచ్ఛేదములు గలవు. ప్రతి పరిచ్ఛేదమునందును సూత్రసంఖ్య మొదటినుండి వచ్చును. అట్టి గ్రంథమును టైపు చేయువారు పరిచ్ఛేదమున కొకసారి చేతితో మొదలుపెట్టుటకంటె, క్రింద నేను జెప్పఁబోవు బహుస్థాయి పట్టికను వాడుట మేలు.

రెండవది యొక్క యంశము పెక్కంశము లగుట. ఇది పద్యములయెడ మిక్కిలి బాధించును. కురిక్యాల శాసనమున మూఁడు కందపద్యములు గలవు. పాదమున కొకసారి యెంటరు నొక్కుచు వానిని బట్టికలో నెక్కించినచో మూఁడు పద్యములకుఁ బండ్రెండంకెలు పడును. పాదము చివర షిఫ్టు మీటను బట్టి యెంటరు నొక్కవలయును. అప్పుడు పంక్తి మాఱును గాని పేరాగ్రాఫు మాఱదు. పద్యమున కొక్కటే యంకె నిలుచును. అయితే పేరాగ్రాఫు రెండంచులకును సమముగా సాగునట్లు అమర్పఁబడియున్నచో, ఇట్లు విఱిచిన పంక్తులలో మాటల నడుమ వికారమైన యెడములు కలుగును. పద్యముల నెడమయంచున కమర్చినచో నా వికారము పోవును.

మూఁడవది యంచులు కుదురకుండుట. ఖాళీమీటను బలుమాఱులు నొక్కి పంక్తులను సరిచేయుట యీ దోషమునకుఁ గారణము. ఫాంటు మాఱఁగానే యా సవరణ చెడును. అంకెపైఁ గుడిమీట నొక్కి "అడ్జస్ట్ లిస్ట్ ఇండెంట్స్" అనుచోట నంకె యెంతదూరమున నుండవలయునో, పాఠ మెంతదూరమున మొదలుకావలయునో నిర్ణయింపవలయును. 99 దాఁక బాగుగనే యుండి 100వ యంశమునుండి పాఠము ప్రక్కకు జరిగినచో, మూఁడంకెలకుఁ జాలినంత చోటు విడువలేదని తెలిసికొనవలయును.

నాలుగవది యంకె యొక రూపమునను నక్షరము లొక రూపమునను నుండుట. దీనికిఁ గారణములు రెండు. అంకె తన రూపమును బేరాగ్రాఫు గుఱుతునుండి గైకొనును. అంశమంతయు సన్నగా నున్నను గుఱుతు మాత్రము లావుగా నున్నచో నంకె లావగును. ఆ గుఱుతు నొక్కదానినే పట్టి దిద్దిన నిది పోవును. రెండవ కారణము తెలుఁగునకు సంబంధించినది. వర్డు తెలుఁగును సంకీర్ణలిపులలోఁ జేర్చి, దానికొక ఫాంటును పరిమాణమును, లాటిను లిపికిని సాధారణాంకెలకును వేఱొక ఫాంటును పరిమాణమును ఉంచుకొనును. అక్షరములు 14 పరిమాణమునను, అంకెలు 11 పరిమాణమునను నిలిచిపోవుట కిదియే హేతువు. కంట్రోలుతో డి మీటను నొక్కఁగా వచ్చు ఫాంటు పెట్టెలో రెండుగళ్లను సమముగా నింపవలయును. మఱియుఁ బంక్తుల యెడమును "ఎగ్జాక్ట్‌లీ" యని బిగించినచోఁ బై గుడులును గ్రింది యొత్తులును దెగిపోవును. "ఎట్ లీస్ట్" అని విడిచినచోఁ దెగవు.

ఐదవది పరులనుండి తెచ్చుకొన్న దోషము. వేఱొకరి ఫైలునుండి కొన్ని యంశములను దెచ్చి యతికించినచో, వాని పట్టికావిధియు వెంట వచ్చును; మన పట్టిక దానితోఁ గలిసి చెడును. అతికించునప్పుడు "కీప్ టెక్స్ట్ ఓన్లీ" యనుదాని నెన్నుకొనినచో విధి రాక పాఠమే వచ్చును. అంకెలు పాఠముతోపాటు మామూలు టైపు అంకెలుగా వచ్చినచో వానిని జెఱిపి, పిమ్మట మన విధిని వర్తింపఁజేయవలయును.

ఉత్సర్గాపవాదములు, స్థాయిలు

ఇంతవఱకుఁ జెప్పినవి రోగమునకు మందులు. రోగము రాకుండఁ జేయు నుపాయము స్టైలు. స్టైలనఁగా నీ జాతి పేరాగ్రాఫు లెల్ల నిట్లుండవలయునను సామాన్యవిధి, ఇది యుత్సర్గము. ఒక పేరాగ్రాఫును బట్టి దాని యంచునో యంకెనో ప్రత్యేకముగా మార్చుట యపవాదము. యంత్రమునందును అపవాదమే బలవత్తరము. అందుచేతనే స్టైలును జక్కగా దిద్దినను గొన్ని యంశములు మాత్రము పాతరూపముననే మొండికెత్తి నిలుచును. అచ్చట నెవరో యపవాదము చేసియున్నారని గ్రహింపవలయును. అట్టి పేరాగ్రాఫునం దుండి కంట్రోలుతో క్యూ మీట నొక్కినఁ బేరాగ్రాఫు సంబంధమైన యపవాదములును, పాఠమును బట్టుకొని కంట్రోలుతో ఖాళీమీట నొక్కిన నక్షరసంబంధమైన యపవాదములును దొలఁగి యుత్సర్గము మరలఁ బ్రవర్తించును.

జిల్లా, స్థలము, శాసనము అను మూఁడు మెట్లు గల పట్టికకు బహుస్థాయి పట్టిక తగినది. హోమ్ మెనూలో "మల్టీలెవెల్ లిస్ట్" క్రింద "డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్" అనుచోట మొదటి స్థాయిని హెడింగ్ 1 అను స్టైలుతోను, రెండవదానిని హెడింగ్ 2తోను, మూఁడవదానిని హెడింగ్ 3తోను ముడివేయవలయును. పిమ్మట జిల్లాపేరునకు హెడింగ్ 1 వేసిన 3 అనియు, దాని క్రింది స్థలమునకు 3.2 అనియు, అందలి శాసనమునకు 3.2.1 అనియుఁ దనంతఁ దానే పడును. అధ్యాయము, పాదము, సూత్రము అను మూఁడు మెట్ల సంఖ్య మన కేనాఁటినుండియో పరిచితమే గదా. ఇట్లు కూర్చిన పట్టికలో ధర్మపురిని దాని శాసనములతోఁ గూడఁ గరీంనగరు క్రిందినుండి తీసి జగిత్యాల క్రింద నుంచినచో, ఇరుదిక్కుల క్రమాంకములును వెంటనే సరియగును. ప్రతి శాసనము ప్రక్కను జేతితో టైపు చేసిన నామాంకము మాత్రము చెక్కు చెదరక నిలుచును. జిల్లాలు మరల మాఱినను భయము లేదు.

ఒకదాని నొకటి చూపు మాటలు

పట్టిక సరియైనంతమాత్రమునఁ బని ముగియలేదు. "పైని 14వ యంశము చూడుఁడు" అని వివరణములలో వ్రాయుచుందుము. ఈ 14 చేతితో టైపు చేసినదైనచో, పట్టిక మాఱి యా యంశము 19వది యైనను వివరణములో 14గానే నిలుచును. ఈ తప్పు ప్రూఫులు చూచువానికిఁ గనఁబడదు. వాక్యము వ్యాకరణశుద్ధముగనే యుండును, అర్థమును గుదిరినట్లే తోఁచును. దీనికిఁ "గ్రాస్ రిఫరెన్స్" అను సాధనము గలదు. దానిద్వారా "నంబర్డ్ ఐటమ్" నెన్నుకొని యంకెను జేర్చినచో నా యంకె మూలమునకుఁ గట్టువడియుండును. ముద్రణమునకుఁ బంపుటకు ముందుఁ గంట్రోలుతో ఏ మీట నొక్కి సర్వమును బట్టుకొని, పిమ్మట ఎఫ్9 మీట నొక్కవలయును. అట్టి యంకెలన్నియు నూతనపఱుపఁబడును. చూపఁబడిన యంశమే తొలఁగింపఁబడియున్నచో నచ్చట "ఎర్రర్" అను మాట ప్రత్యక్షమగును. దానిని జూచి విసుగుకొనఁ బనిలేదు. తప్పిది యని చెప్పు హితవచన మది.

ముద్రణాలయమునకుఁ బంపునప్పుడు

మన ముద్రణాలయములలోఁ బెక్కింట పేజిమేకరును, అను ఫాంటులును నింకను వాడుకలో నున్నవి. యూనికోడులోఁ గూర్చిన పాఠమును అచ్చటి ఫాంటులలోనికి మార్చునప్పుడు, పాఠములో లేక విధిరూపముననే యున్న యంకెలు రాకపోవచ్చును; వచ్చినను వరుస తప్పవచ్చును. అందుచేత దిద్దుబాటులన్నియు ముగిసిన పిమ్మట రెండు పనులు చేయవలయును. ఒకటి, ఫైలును బి.డి.ఎఫ్. రూపమున భద్రపఱచి ప్రూఫుల కది ప్రమాణముగా నుంచుకొనుట. రెండవది, ప్రత్యేకముగా నొక ప్రతి నెత్తి దానిని "ప్లెయిన్ టెక్స్ట్" రూపమున భద్రపఱచుట. ఈ రూపమున విధులకుఁ జోటు లేదు గావున యంత్రము లెక్కించిన యంకెలు నిజమైన యంకెలై పాఠములోఁ బడును. మూలఫైలును మాత్రము చెఱుపఁగూడదు. రెండవ ముద్రణమునకు దిద్దవలసినది దానినే.

పాఠశాలలలోని పండితులకును దీనివలన నుపయోగము గలదు. ప్రశ్నపత్రములో నొక ప్రశ్నను దొలఁగింపఁగా మిగిలినవాని యంకెలు మాఱి, "5వ ప్రశ్నకుఁ గాని 6వ ప్రశ్నకుఁ గాని" యను సూచన పాతయంకెలతోనే నిలిచినచోఁ గలుగు కలవరము పరీక్షాగృహమునఁ బిల్లలకుఁ గలుగును. పైనిఁ జెప్పిన నియమములే యచ్చటను శరణ్యములు.

ఇది టైపు చేయువారి పని, పండితునకేల యని కొంద ఱనవచ్చును. అంకెను వేయుట యంత్రము చేయును. ఏ యంకె వరుసయో, ఏ యంకె పేరో నిర్ణయించుట మాత్రము విషయ మెఱిఁగినవాఁడే చేయవలయును. యంత్రమున కా రెండింటికి భేదము తెలియదు. పట్టికలోని నామాంకము రాబోవు పరిశోధకుని కొక త్రోవగుఱుతు. అది యొక్కటి జరిగినచో, జైనథ్ శాసనమును వెదకువాఁడు వేఱొక ఱాతికడకుఁ బోయి, అచ్చట లేని విషయమును మూలమున కారోపించి, లేదా మూలమే తప్పని తలఁచి మరలును. ఆ తప్పు మఱియొక గ్రంథమున కెక్కును. అచ్చటినుండి యింకొకదాని కెక్కును. మూలశాసనమును జదువుటయం దెంత జాగ్రత్త వహింతుమో, దానికి వేసిన యంకెయందును అంత జాగ్రత్త వహించుట యందుచేత సంపాదకధర్మము.